కృపా గాయకులు పురుషోత్తమ చౌదరిగారు

1794 జూలై 10వ తేదీన పద్మనాభ రణరంగమున విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజుగారు కుంఫిణీ సైన్యముతో పోరి వీరస్వర్గ మలంకరించిన కథ ఈ గ్రామమున బాలురకు సైతము తెలియును. ఆ తరువాత పదునొకండేండ్లకు ఈ సీమకే మరియొక తీరుగ, కత్తి లేకుండ, పుస్తకముతో వచ్చినవా రిరువురు గలరు. 1805లో లండన్ మిషనరీ సంఘమువారు క్రాన్, డెగ్రాంజెస్ అను బోధకులను విశాఖపట్టణమునకు బంపిరి. వారు తెలుగు నేర్చి, ఆనందరాయరను బ్రాహ్మణుని సాయమున సువార్తలను తెనిగింప మొదలిడిరి. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజెస్ మరణించిరి. వారు పూనిన పనిలో మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చయ్యెను.

గ్రంథము తెలుగు లిపిలోనికి వచ్చెను గాని తెలుగువాని గొంతులోనికి ఇంకను రాలేదు. ఆ కార్యమును నెరవేర్చినవారిలో అగ్రగణ్యులు పురుషోత్తమ చౌదరిగారు.

చౌదరిగారు 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. పర్లాకిమిడి నాడు గంజాము జిల్లాలోనిది. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు అందు చేరినది. ఒకవైపు శ్రీకూర్మము, వేరొకవైపు పూరీ జగన్నాథము గల ఆ సీమలో భక్తికిని పాటకును కొదువ లేదు. తెలుగును ఓఢ్రమును కలసి పెరిగిన తావది. ఆ సంస్కారము చౌదరిగారి నెన్నడును విడువలేదు.

యౌవనమున వారిని బాధించిన ప్రశ్న యొక్కటే: పాపము చేసిన మనుజుడు దేవుని యెదుట నిలుచు టెట్లు? క్రైస్తవ బోధకులు పంచిపెట్టుచుండిన పుస్తకములను వారు చదివిరి. తుదకు 1833లో కటకమున బాప్తిస్మము పొందిరి.

ఆ దినములలో ఈ నిర్ణయమునకు చెల్లించవలసిన వెల యెంతయో నేటివారి కంతగా తెలియదు. కులము పోయినవానికి పిత్రార్జితమున భాగము చెల్లదను వ్యవహారము నాడు ప్రబలముగ నుండెను. మతము మారిన కారణమున ఆస్తి హక్కు పోరాదని కుంఫిణీ ప్రభుత్వము చట్టము చేసినది 1850లో. అదియే ఆ సంవత్సరపు 21వ చట్టము. చౌదరిగారు దానికి 17 సంవత్సరములు ముందుగనే అడుగు వేసిరి. చట్టము తోడు లేదు, కులము తోడు లేదు. నమ్మిన బోధ యొక్కటియే తోడు.

ఆ బోధ యేమి? మానవుడు తన పుణ్యముచే రక్షణను సంపాదింపలేడు. క్రీస్తు సిలువపై మరణించి దానిని సంపాదించెను. అది కృపచే ఉచితముగ లభించును. ఇది వినుటకు సులభము, నిలుపుకొనుట కష్టము. ఎందులకనగా దీనికి ఇరుప్రక్కల రెండు గుంతలు గలవు.

గ్రామస్థులకు తెలిసిన పోలిక చాలును. పంట పోయిన యేట సర్కారువారు రైతునకు శిస్తు వజా యిచ్చిరనుకొందము. వజా పొందిన రైతు పొరుగువాని యెదుట నిలిచి, నా కష్టముచేతనే నా లెక్క తీరినదని గర్వించినచో అది యొక గుంత. వజా దొరకినదిగదా యని మరుసటి యేడు పొలమును బీడు పెట్టినచో అది రెండవ గుంత. మొదటివాడు కృపను మరచెను. రెండవవాడు కృప యిచ్చినవాని ప్రేమను మరచెను. ఈ రెంటి నడుమ గట్టుపై నడచుటయే స్వస్థమైన బోధ. కృప పొందినవాడు కృతజ్ఞతచే మంచి చేయును. మంచి చేసి కృపను కొనడు.

ఈ బోధ కులము ముచ్చటలో పరీక్షకు వచ్చినది. చౌదరిగారు బాప్తిస్మము పొందిన 1833వ సంవత్సరముననే కలకత్తా బిషప్పు డేనియల్ విల్సనుగారు తమ దక్షిణ దేశ సంఘములలో కులభేదము పాటింపరాదని ఆజ్ఞాపత్రము పంపిరి. తంజావూరు మొదలగు చోట్ల అనేకులు దాని కొప్పుకొనక సంఘమును విడిచిరి. దేవాలయములో సయితము వేరువేరుగ కూర్చుండవలెననియే వారి పట్టుదల. చౌదరిగారు చేరినది వేరొక సంఘమే యైనను, ప్రశ్న యందరికి నొక్కటియే: ఉచితముగ వజా పొందినవారిలో పెద్దయెవడు, చిన్నయెవడు? అగ్రహారపు గౌరవమును చేజేతుల వదలుకొనిన చౌదరిగారు కులాచార పరీక్ష యను గ్రంథమును వ్రాసిరి. పోగొట్టుకొన్నవాడు పలికిన మాటకు బరువు హెచ్చు.

వారు నిస్తార రత్నాకరమును, యేసునాయక శతకమును గూడ రచించిరి. కాని వారి పేరు నిలిపినవి కీర్తనలు. పల్లవి, అనుపల్లవి, చరణములు. పైన రాగము, తాళము. త్యాగరాజాదుల సంప్రదాయమున తెలుగువారు దైవమును పిలుచుట కలవాటుపడిన రూపమే యిది. సీమనుండి వచ్చిన బాణీలకు మాటలు కూర్చుట మాని, చౌదరిగారు తమ పిల్లనాటి సంగీతముననే క్రొత్త విశ్వాసమును పాడిరి.

ఇచ్చట నొక సూక్ష్మము గలదు. శ్రీవైష్ణవులలో మర్కట న్యాయము, మార్జాల న్యాయమను వాదము గలదు. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొనును. పిల్లికూనను తల్లియే నోట కరచుకొని పోవును. భగవంతుని కృప యేరీతిదను విచారము ఈ దేశమునకు క్రొత్త కాదు. కావుననే చౌదరిగారి పాట ఇతర మతస్థుల చెవికిని పరాయిగ తోపదు. అయినను రూపము మనదని వారు సారమును పలుచన చేయలేదు. వారి కీర్తనలకు నడిబొడ్డు సిలువయే. ఇతరుల మెప్పునకై దానిని ప్రక్కకు జరుపలేదు. తమ వారి మెప్పునకై తెలుగును తక్కువ చేయలేదు.

శ్రీకాకుళ, బరంపుర ప్రాంతములలో దీర్ఘకాలము బోధకులై సేవచేసి, చౌదరిగారు 1890లో, ఎనుబదియేడవ యేట పరమపదించిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటములో వారి పాటలు నేటికిని పెక్కు గలవు. లూథరన్, బాప్తిస్టు, దక్షిణ ఇండియా సంఘములవారు తమ తమ భేదములను ప్రక్కనుంచి వానిని పాడుచున్నారు. వాదము చేసి యెవరును కలుపజాలని వారిని పాట కలిపినది.

సత్యమును గట్టిగ పట్టుకొనువారు ప్రేమను జారవిడుచుట లోకమున మెండు. ప్రేమ పేరిట సత్యమును సడలించుటయు మెండే. ఈ రెంటిని ఒక్క చేతిలో నిలిపినవారు చౌదరిగారు. ఏ మతమువారైనను తమ తమ నమ్మికను ఏ తీరున పట్టుకొనవలెనో వారి జీవితమునుండి నేర్చుకొనవచ్చును.