మంచాలు దింపిన డాక్టరమ్మ

కిందటేడు మా అత్తయ్యగారు స్నానాలగదిలో జారిపడి మంచానపడ్డారు. ఎముకలకో డాక్టరు, షుగరుకో డాక్టరు, గుండెకో డాక్టరు. ముగ్గురి చీటీలూ కలిపితే రోజుకు పదకొండు మాత్రలు! ఆ చీటీలను పక్కపక్కన పెట్టి చూసింది నేనొక్కదాన్నే. చూసి ఏం లాభం, ఆ రాతే నాకు అంతుబట్టలేదు. డెబ్బైఎనిమిదేళ్లు కదా, ఇక ఇంతేనన్నట్టు మాట్లాడారు అందరూ. చెప్పొద్దూ, లోలోపల నేనూ అలాగే అనుకున్నాను. అప్పుడే మార్జరీ వారెన్ గురించి చదివాను.

1897లో లండన్‌లో పుట్టారావిడ. ఐదుగురు ఆడపిల్లల్లో పెద్ద. 1923లో డాక్టరై, 1926లో ఐల్‌వర్త్ ఆస్పత్రిలో చేరారు. ఇష్టమంతా సర్జరీ మీదే. ముసలివాళ్ల వైద్యం కోరి ఎంచుకున్నది కాదు, వచ్చి నెత్తినపడింది. 1935లో పక్కనున్న నిరుపేదల ఆస్పత్రిని వీళ్ల ఆస్పత్రిలో కలిపేశారు. 714 పడకలు! ఎక్కువమంది ఏళ్ల తరబడి లేవనివాళ్లే. వేళకింత తిండి పెట్టి, పక్క మార్చడమే వైద్యం.

ఆవిడ ఒక్కొక్కరినీ కూర్చుని పరీక్ష చేశారు. పక్షవాతమని వదిలేసిన కొందరు నేర్పితే నడిచేట్టున్నారు. కొందరికి సరైన వైద్యమే అందలేదు. మరికొందరికి జబ్బుకంటే పెద్ద బాధ, వెళ్లడానికి ఇల్లు లేకపోవడం. ఎవరికేం కావాలో విడదీశారు. గోడలకు రంగులేయించారు, దీపాలు పెంచారు, పట్టుకు నడవడానికి కమ్మీలు పెట్టించారు. నర్సులు, వ్యాయామం చేయించేవాళ్లు, చేతిపనులు నేర్పేవాళ్లు, ఇంటివాళ్లతో మాట్లాడేవాళ్లు అందరూ ఒక జట్టు. పోనుపోను 240 పడకలే చాలాయి. మిగిలినవి క్షయ రోగులకిచ్చేశారు.

1943, 1946లలో వైద్య పత్రికలకు రాసిన వ్యాసాల్లో ఆవిడ పట్టుబట్టింది ఒక్కటే. ముసలివాళ్ల వార్డు ఊరి చివర కాదు, పెద్దాస్పత్రిలోనే ఉండాలి. అన్ని రకాల డాక్టర్లూ పరీక్షలూ అందుబాటులో ఉంటాయి, వైద్య విద్యార్థులూ అక్కడే నేర్చుకుంటారు. 1947లో ఇలాంటి డాక్టర్లు కొందరు కలిసి సంఘం పెట్టుకుంటే అందులో ఆవిడా ఉన్నారు. 1960లో ఫ్రాన్స్‌లో రోడ్డు ప్రమాదంలో పోయారు.

ఆ తర్వాత 1988లో అమెరికాలో జనరల్ మెడిసిన్ వాళ్ల బోర్డూ, ఫ్యామిలీ డాక్టర్ల బోర్డూ కలిసి వృద్ధుల వైద్యానికి ఒకే పరీక్ష పెట్టాయి. ఏ శాఖదీ కాని మనిషికి రెండు శాఖలు కలిసి డాక్టర్ని తయారుచేయడమన్నమాట! మన దేశంలో 1996లో మద్రాసు మెడికల్ కాలేజీలో ఎం.డి. మొదలైంది.

చదివాక ఊరుకోలేకపోయాను. మూడు చీటీలూ పట్టుకుని ఒక జనరల్ ఫిజీషియన్ దగ్గరికెళ్లి, మూడూ ఒకేసారి చూడమన్నాను. ఆయన మిగతా ఇద్దరికీ ఫోన్ చేసి మాట్లాడి నాలుగు మాత్రలు తీసేశారు. రోజూ ఒకమ్మాయి వచ్చి నడక చేయిస్తోంది. అత్తయ్యగారికి ఆ నాలుగుకాళ్ల స్టాండంటే మంట. నిన్న దాన్ని వాకిట్లోనే వదిలేసి, గోడ పట్టుకుని వంటింటిదాకా వచ్చి, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పి వెళ్లారు.