బానిసత్వంపై కలం ఎత్తిన హ్యారియెట్ బీచర్ స్టోవ్

ఉస్లాపూర్ (ఛత్తీస్‌గఢ్), జూన్ 14: అమెరికాలో బానిసత్వానికి వ్యతిరేకంగా ప్రజాభిప్రాయాన్ని కూడగట్టిన నవలా రచయిత్రి హ్యారియెట్ బీచర్ స్టోవ్ జయంతి నేడు. 1811లో కనెక్టికట్ రాష్ట్రంలోని లిచ్‌ఫీల్డ్‌లో మతబోధకుని ఇంట జన్మించిన ఆమె, 1832లో సిన్సినాటి చేరారు. ఒహాయో నదికి ఆవలి ఒడ్డున కెంటకీలో బానిసత్వం చట్టబద్ధం. అక్కడి నుంచి పారిపోయి వచ్చినవారి గాథలు ఆమె చెవిన పడ్డాయి.

1849లో కలరా ఆమె పసిబిడ్డను బలిగొంది. కన్నబిడ్డను విక్రయిస్తే బానిస తల్లి పడే వేదన ఆ శోకంలోనే ఆమెకు బోధపడింది. మరుసటి ఏడాది, పారిపోయిన బానిసలను యజమానులకు అప్పగించాలనే చట్టం వచ్చింది. దానికి ప్రతిస్పందనగా రచించిన ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ 1851 జూన్ నుంచి వారపత్రికలో ధారావాహికగా, 1852 మార్చిలో పుస్తకంగా వెలువడింది. తొలి ఏడాదే అమెరికాలో సుమారు 3 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. దక్షిణాది రాష్ట్రాలు మండిపడ్డాయి. అంతర్యుద్ధం ముగిసిన 1865లోనే రాజ్యాంగ సవరణతో బానిసత్వం రద్దయింది.

టామ్ పాత్రలోని అతి సహనాన్ని నల్లజాతి రచయితలు తరువాతి కాలంలో తప్పుపట్టారు. ఆ ఉద్యమ స్ఫూర్తి భారతదేశాన్నీ తాకింది. 1873లో జోతిరావు ఫూలే తన ‘గులాంగిరి’ని బానిస విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. స్టోవ్ 1896 జులై 1న హార్ట్‌ఫర్డ్‌లో కన్నుమూశారు. చట్టం సొత్తుగా లెక్కగట్టిన మనిషిలో తల్లిని, తండ్రిని పాఠకులకు చూపడమే ఆమె నవల సాధించిన విజయం.