పేరుకే కింగ్ సడక్

అమెరికాల మార్టిన్ లూథర్ కింగ్ పేరు మీద 900లకు పైగా సడక్‌లున్నయ్. పెద్ద పట్నాలల్ల గవి ఎక్కువ మటుకు నల్లజాతోళ్ల బస్తీలల్లకెళ్లే పోతయ్. కొన్ని మంచిగనే ఉన్నయ్. శానా కాడ మాత్రం మూతపడ్డ దుకాణాలు, కూలిన గోడలు, గడ్డి మొలిచిన ఖాళీ జాగలే కనవడ్తయ్. గట్లెందుకైందో సమజ్ కావాల్నంటే ముందుగాల ఆయన బతుకు తెల్వాలె.

కింగ్ 1929 జనవరి 15న అట్లాంటాల పుట్టిండు. నాయిన చర్చి పాస్టర్. ఇంట్ల తిండికి కొదువ లేకుండె. అయినా చిన్నప్పుడు కలిసి ఆడుకున్న తెల్ల పిల్లగాడు, బడీడు రాంగనే దూరమైండు. ఆడుకోవద్దని వాళ్ల ఇంటోళ్లే చెప్పిండ్రు. కింగ్ 15 ఏండ్లకే కాలేజీల చేరిండు. 1955ల బోస్టన్ యూనివర్సిటీల డాక్టరేట్ తీసుకున్నడు. ఉత్తరాదిలనే హాయిగ బతుకొచ్చు. గానీ అంతకు ముందు ఏడాదే భార్య కొరెట్టాతోటి దక్షిణాదికి, అలబామాలోని మాంట్‌గోమెరీకి పాస్టర్‌గ వచ్చిండు.

1955 డిసెంబర్ 1న రోజా పార్క్స్ బస్సుల తెల్లోళ్లకు సీటు ఇయ్యనన్నది. పోలీసులు అరెస్ట్ చేసిండ్రు. ఊర్లున్న నల్లజాతోళ్లు బస్సులెక్కుడు బంద్ పెట్టిండ్రు. ఇండ్లల్ల పనిచేసే ఆడోళ్లు మైళ్లకు మైళ్లు నడిచిండ్రు. 26 ఏండ్ల కింగ్ ఆ పోరాటానికి పెద్దదిక్కైండు. భార్య, పసిబిడ్డ లోపల ఉండంగనే ఆయన ఇంటి మీద బాంబు పడ్డది. కోపంతోటి ఉరికొచ్చిన జనాన్ని ఆయనే శాంతపరిచి ఇంటికి పంపిండు. 381 రోజుల తర్వాత, సుప్రీంకోర్టు తీర్పుతోటి బస్సులల్ల ఆ వివక్ష పోయింది.

1959ల కింగ్ మన దేశానికి వచ్చి నెల రోజులు తిరిగిండు. కేరళల దళిత పిల్లల బడికి పోతే, ఈయన కూడ అమెరికా నుంచి వచ్చిన అంటరానోడేనని అక్కడి హెడ్మాస్టర్ పరిచయం చేసిండు. ముందుగాల కింగ్‌కు మనసుల చివుక్కుమన్నది. తర్వాత తన జాతోళ్ల బతుకు యాదికొచ్చి, అది నిజమేనని ఒప్పుకున్నడు.

1963ల బర్మింగ్‌హామ్‌ల ఊరేగిన పిల్లల మీదికి పోలీసులు కుక్కల్ని ఉసిగొల్పిండ్రు. గదే ఏడు ఆగస్టుల వాషింగ్టన్‌కు రెండున్నర లక్షల మంది కదిలిండ్రు. ఆయన కల గురించి చెప్పిన ఉపన్యాసమే అందరికి యాదికున్నది. గానీ ఆ ఊరేగింపు పేర్లనే స్వేచ్ఛ కంటే ముందు కొలువులున్నయ్. 1964ల పౌరహక్కుల చట్టం, నోబెల్ బహుమతి వచ్చినయ్. 1965ల ఓటుహక్కు చట్టం వచ్చింది.

గిక్కడిదాకా బడి పుస్తకాలల్ల ఉంటది. తర్వాతి కథ చెప్పెటోళ్లు తక్కువ. 1966ల కింగ్ షికాగోల పేదల బస్తీల కిరాయికి దిగిండు. చట్టం మారినా, నల్లోళ్ల బస్తీలల్ల ఇండ్లకు బ్యాంకులు అప్పు ఇయ్యకపోతుండె. తెల్లోళ్ల గల్లీలల్ల ఇల్లు దొరకకపోతుండె. దాని మీద ఊరేగింపు తీస్తే ఆయన తలకు రాయి తగిలింది. 1967ల వియత్నాం యుద్ధం తప్పన్నందుకు దోస్తులు సుత దూరమైండ్రు. 1968ల మెంఫిస్‌ల చెత్తబండిల నలిగి ఇద్దరు కార్మికులు సచ్చిపోయిండ్రు. 1300 మంది సమ్మెకు దిగిండ్రు. వాళ్లకు తోడుగ పోయిన కింగ్‌ను ఏప్రిల్ 4న కాల్చి సంపిండ్రు. అప్పటికి ఆయనకు 39 ఏండ్లే. వారం తిరగంగనే ఇండ్ల కాడ వివక్ష చూపొద్దనే చట్టం మీద ప్రెసిడెంట్ సంతకం పెట్టిండు.

గా ఏడాదే షికాగోల ఒక పెద్ద సడక్‌కు కింగ్ పేరు పెట్టిండ్రు. వేరే పట్నాలు కూడ అదే బాట పట్టినయ్. శానా తావుల తెల్ల వ్యాపారులు అడ్రస్ మార్చుకుంటే ఖర్చైతదని అడ్డం పడ్డరు. గందుకే పేరు నల్లోళ్ల బస్తీల వరకే ఆగింది. ఆ బస్తీలకు అంతకుముందే అప్పు బంద్. తర్వాత ఫ్యాక్టరీలు పోయినయ్, కొలువులు పోయినయ్, దుకాణాలు మూతపడ్డయ్. కింగ్ ఏ అన్యాయం మీద కొట్లాడిండో, అదే అన్యాయం ఆయన పేరున్న సడక్‌ను తిన్నది.

ఇప్పుడు కొన్ని తావుల ఆ సడక్‌లను మళ్ల లేపుతున్నరు. సెయింట్ లూయిస్‌ల ఒక పోస్టల్ ఉద్యోగి గీ పని కోసమే సంస్థ పెట్టిండు. గానీ చెట్లు నాటి రంగులేస్తే సాలదు. అక్కడోళ్ల దుకాణానికి అప్పు పుట్టాలె, ఇండ్లు బాగుపడాలె, కిరాయిలు పెరిగి వాళ్లే ఎల్లిపోయే గతి రావొద్దు.

మన ఊళ్లల్ల సుత అంబేద్కర్ కాలనీలున్నయ్. బోర్డు మీద పేరు సదివి ఆగొద్దు తమ్మీ, చెల్లే. ఆ గల్లీల మోరీ ఉన్నదా, నల్లా వస్తున్నదా సూడుండ్రి. లేకుంటే గ్రామసభల లేసి అడుగుండ్రి.