శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ – దారి తప్పిన బిడ్డలు

ఉగాదినాడు పంచాంగ శ్రవణం ముగిసిన పిమ్మట పెద్దలను స్మరించుకోవడం మన ఆచారం. పుట్టిన గడ్డకు దూరంగా ఉన్న మనకు ఆ ఆచారం మరింత అవసరం. చెన్నపట్నపు తెలుగువారు స్మరించదగిన పెద్దలలో శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు అగ్రగణ్యులు. ఆంధ్ర మహిళా సభను స్థాపించిన విదుషీమణిగా ఆమెను ఎరుగనివారు లేరు. కాని చెరసాలల నుంచీ, బాలుర శిక్షణాలయాల నుంచీ వెలుపలికి వచ్చే దిక్కులేనివారి విషయంలో ఆమె చూపిన దారి గూర్చి మనం తక్కువగా చెప్పుకుంటాము.

దుర్గాబాయమ్మగారు 1909 జూలై 15వ తేదీన రాజమండ్రిలో జన్మించారు. పెరిగింది కాకినాడలో. ఎనిమిదవ యేట వివాహమైనది. ఊహ తెలిసిన పిమ్మట ఆ బంధాన్ని ఆమె అంగీకరించలేదు. 1921లో గాంధీ మహాత్ముడు కాకినాడ వచ్చినపుడు, దేవదాసీలూ ఘోషా స్త్రీలూ ఆయన మాటలు వినాలని పట్టుబట్టి, చందాలు పోగుచేసి, ప్రత్యేకంగా సభ జరిపించారు. అప్పటికి ఆమె ఇంకా బాలికే. 1923 కాకినాడ కాంగ్రెసు సమయంలో ఖద్దరు ప్రదర్శన ద్వారం వద్ద స్వయంసేవికగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే ఆపివేశారు. నిర్వాహకులు టిక్కెట్టు కొని ఇచ్చిన మీదటనే లోనికి పంపారు. ఎంతటివారినైనా నియమం అడగడం ఆమెకు బాల్యంలోనే అలవడిన గుణం.

1930లో మదరాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని చెరసాలకు వెళ్లారు. 1933 లోపల మూడు పర్యాయాలు శిక్ష అనుభవించారు. మధుర చెరసాలలో ఒంటరి కొట్టు ఆమెకు ప్రాప్తించింది. అక్కడ నేరస్థులనిపించుకొన్న స్త్రీల కథలు వినగా, చట్టం తెలియక, చదువు లేక, తమ పక్షాన పలికేవారు లేక శిక్ష పడ్డవారు ఎందరో కనిపించారు. న్యాయశాస్త్రం చదవాలన్న సంకల్పం అక్కడనే కలిగింది.

విడుదలైన పిమ్మట ఆగిన చదువును మొదటి నుంచి సాగించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పట్టం పొంది, 1942లో మదరాసులో న్యాయవాది అయ్యారు. ఈలోగా 1937లో మైలాపూరులో బాలికలకు చదువు చెబుతూ ఆంధ్ర మహిళా సభకు అంకురార్పణ చేశారు. 1946లో రాజ్యాంగ నిర్మాణ సభకు ఎన్నికయ్యారు. చిన్నపిల్లలనూ యువకులనూ దోపిడీ నుంచీ, నిరాదరణ నుంచీ కాపాడాలన్న ఆదేశం ఆ సభ రచించిన రాజ్యాంగంలో 39వ అధికరణంగా నిలిచింది.

బాలనేరస్థుల చట్టాన్ని దుర్గాబాయమ్మగారు రచించలేదు. ఆ ఘనత చెన్నరాజధానికి 1920లోనే దక్కింది. పిల్లలను పెద్ద ఖైదీలతో కలపక, వేరు న్యాయస్థానంలో విచారించి, శిక్షణాలయానికి పంపే చట్టం దేశంలో మొదట వెలసింది ఇక్కడనే. చెంగల్పట్టులో అంతకు ముందే బాలుర శిక్షణాలయం కలదు. కాని లోపల వడ్రంగమో, కుట్టుపనియో నేర్చిన పిల్లవాడు గడువు ముగిసి గేటు దాటిన మరునాడు ఎక్కడ పండుకొంటాడు? పనిముట్లు ఎవరు కొనిపెడతారు? చెరసాల ముద్ర పడిన కుర్రవానికి పని ఎవరిస్తారు? దీనికి చట్టం ఇచ్చిన సమాధానం చాలదు. వాడు తిరిగి పాత స్నేహితుల చెంతకే చేరితే శిక్షణ అంతా బూడిదలో పోసిన పన్నీరే.

1952లో ప్రణాళికా సంఘ సభ్యురాలైన దుర్గాబాయమ్మగారు, మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సహాయానికి నాలుగు కోట్ల రూపాయలు కేటాయింపజేశారు. 1953 జనవరిలో ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహమాడారు. అదే సంవత్సరం ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా దానికి మొదటి అధ్యక్షురాలయ్యారు. సంస్థను చూచి, పనిని పరిశీలించి, ఆ మీదట ధనమివ్వడం మండలి పద్ధతి. 1954లో చెరసాలలూ, శిక్షణాలయాలూ, అనాథ గృహాలూ విడిచి వచ్చేవారి స్థితిని విచారించుటకు ఎం. ఎస్. గోరే గారి అధ్యక్షతన మండలి ఒక సంఘాన్ని నియమించింది. ఆ సంఘం సిఫారసుల ఫలితంగానే రెండవ ప్రణాళికలో అనంతర రక్షణ గృహాలు వెలిశాయి. విడుదలైనవానికి కొంతకాలం నీడ, పని, పలుకరించే మనిషి ఉండాలన్నదే వాని ఉద్దేశం.

చైనా యాత్ర చేసివచ్చి, కుటుంబ తగవులకు వేరు న్యాయస్థానాలు కావాలని కూడా ఆమె వాదించారు. ఆ చట్టం 1984లో వచ్చేసరికి ఆమె లేరు. 1981 మే 9వ తేదీన పరమపదించారు.

ఆమె నాటిన మొక్కకు అన్నిచోట్లా నీరు అందలేదని చెప్పక తప్పదు. గృహాలు పెరిగినంతగా వాటిపై కన్ను పెరగలేదు. మన చెన్నపట్నానికి చేరువనే, మహాబలిపురంలోని అనాథాశ్రమాలలో పిల్లలపై అత్యాచారాలు జరుగుతున్నవని 2007లో పత్రికలో వార్త వచ్చింది. ఆ వార్తతో మొదలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2017 మే నెలలో తీర్పు చెబుతూ, పిల్లల గృహాలన్నీ నమోదు కావాలనీ, సామాజిక తనిఖీ జరగాలనీ ఆదేశించింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం తనిఖీ సంఘాలను విధించింది. పద్దెనిమిదేండ్లు నిండి గృహం విడిచేవారికి ఇరువది యొకటవ యేడు వరకు అనంతర రక్షణ కల్పించింది. దుర్గాబాయమ్మగారి మండలి 1954లో చేపట్టిన ప్రశ్నే నేటి చట్టంలో ఒక విభాగమై నిలిచింది.

పండుగనాడూ, పుట్టినరోజునా అనాథ బాలల గృహాలకు భోజనాలు పెట్టే కుటుంబాలు మనలో చాలా కలవు. అన్నదానం గొప్పది. దానితోపాటు మూడు మాటలు అడుగుదాము. ఈ గృహం నమోదైనదా? తనిఖీ సంఘం కడపట ఎప్పుడు వచ్చినది? నిరుడు పద్దెనిమిదేండ్లు నిండి వెళ్లిన పిల్లలు ఇప్పుడెక్కడ ఉన్నారు? మంచి సంస్థ ఈ ప్రశ్నలకు సంతోషంగా జవాబు చెబుతుంది. అడగడానికి మొగమాటం కలిగితే, కాకినాడ ప్రదర్శన ద్వారం వద్ద టిక్కెట్టు అడిగిన ఆ పద్నాలుగేండ్ల బాలికను తలచుకొందాము.