గుంటూరులో సూర్యుని పరీక్షించిన జాన్సెన్

కరీంనగరు బడిలోనైనను, ఆదిలాబాదు బడిలోనైనను ప్రయోగశాల దీపపు మంటలో చిటికెడు ఉప్పు వేసినచో మంట పసుపువన్నె దాల్చును. మైలుతుత్తము వేసినచో ఆకుపచ్చనగును. వేడిమిచే పరమాణువులోని ఎలక్ట్రాను పైమెట్టునకు ఎగసి, మరల దిగునపుడు ఆ శక్తిని వెలుగుగా విడుచును. మెట్ల యెత్తు ఏ మూలకమున కా మూలకమునకే ప్రత్యేకము, రంగులును అట్లే. ఎలక్ట్రాను సంగతి లోకమునకు తెలియక పూర్వమే, 1859-60లలో జర్మనీలో బున్సెన్, కిర్కాఫ్ పండితులు ఆ వెలుగును పట్టకముతో విడదీసి, రంగుగీతలనుబట్టి మూలకములను గుర్తించు మార్గము చూపిరి. ఆ మార్గమున సూర్యుని పరీక్షింప గుంటూరు వచ్చిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూల్స్ జాన్సెన్.

ఆతడు 1824లో పారిసులో జన్మించెను. బాల్యమునాటి ప్రమాదమువలన జీవితాంతము కుంటినడకయే మిగిలెను. బ్యాంకులో కొలువు చేయుచునే చదువు సాగించెను. అట్టివాడు ఖండములు దాటి గ్రహణములను వెన్నాడెను!

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము. గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట జాన్సెన్ తన యంత్రములను నిలిపెను. సూర్యుడు పూర్తిగా మరుగైన అయిదు నిమిషములలో బింబపు అంచున ఎగసిన జ్వాలలపై వర్ణపటదర్శినిని త్రిప్పగా తళతళలాడు గీతలు కనబడెను. ఆ జ్వాలలు మండుచున్న వాయువులనియు, అందు ఉదజనియే ప్రధానమనియు తేలెను. అయితే ఆతని ప్రతిభ అంతటితో నిలువలేదు. ఇంత ప్రకాశించు గీతలు గ్రహణము లేకున్నను కనబడవలెను గదా యని తలచి, మరునాటి ఉదయమే చూచెను, కనబడెను. అంతవరకు నిమిషముల భాగ్యమైన దృశ్యము నాటినుండి నిత్యదర్శనమయ్యెను.

ఈ వార్తను కాకినాడనుండి పారిసుకు వ్రాసెను. ఇంగ్లండులో లాకియర్ అక్టోబరులో స్వతంత్రముగా ఇదే విధానమును సాధించెను. ఇరువురి లేఖలును అక్టోబరు 26న పారిసు అకాడమీ సభ యెదుటికి వచ్చెను. కీర్తి ఇరువురకును పంచబడెను; ఇరువురి ముఖములతో ఫ్రెంచి ప్రభుత్వము పతకమును పోతపోయించెను.

హీలియమును గుంటూరులో జాన్సెనే కనుగొనెనని మన పుస్తకములలో తరచు కనబడును. ఇది పూర్తిగా సరికాదు. సోడియము గీతల చెంత, వానితో కలియని పసుపుగీత ఒకటి ఉన్నమాట నిజము. కాని అది క్రొత్త మూలకపు గుర్తని జాన్సెన్ గుంటూరునుండి ప్రకటింపలేదు. ఆ యోచన, ఆ పేరు లాకియర్ పక్షమునవి. గుంటూరు ఖ్యాతికి ఇందువలన లోటేమియు లేదు.

1870లో ప్రష్యా సేనలు పారిసును ముట్టడించియుండగా జాన్సెన్ బెలూనులో ఎగిరి వెలువడి, గ్రహణమునకై అల్జీరియా చేరెను. తీరా మబ్బులు కమ్మెను! 1871లో నీలగిరులలో ఆకాశము కరుణించెను. తరువాత మెదాన్ వేధశాలకు అధిపతియయ్యెను. సూర్యకాంతిలోని ప్రాణవాయువు గీతలు సూర్యునివా, మన గాలివా యని తేల్చుటకు 1890లో, అరువదియారేండ్ల వయస్సున, కూలీలు మోయగా మోంబ్లా మంచుకొండ నెక్కెను. ఎత్తు పెరిగినకొలది గీతలు పలచనగుటచే అవి మన గాలివేయని నిశ్చయించెను.

1895లో లండనులో రామ్సే ఒక యురేనియపు ఖనిజమునుండి వెలువడిన వాయువులో ఆ పసుపుగీతనే పట్టుకొనెను. జాన్సెన్ అప్పటికి జీవించియేయుండెను. 1907 డిసెంబరులో మరణించెను.