జమీందారు చైర్మన్‌గా ఉన్న కంపెనీలో జమీందార్లపైనే సినిమా.. ఎవరీ గూడవల్లి రామబ్రహ్మం?

కాలేజీ క్యాంపస్‌లో తిరుగుబాటు సినిమా వేద్దాం అనగానే చాలామందికి గుర్తొచ్చేది 1969 నాటి హాలీవుడ్ మూవీ ఈజీ రైడర్. బైకులేసుకుని అమెరికా రోడ్ల మీద తిరిగే ఇద్దరు కుర్రాళ్ల కథ అది. కానీ నందిగామ, జగ్గయ్యపేట కాలేజీల్లో అలాంటి షో పెట్టాలనుకుంటే అంత దూరం వెళ్లక్కర్లేదు. అంతకు 30 ఏళ్ల ముందే కృష్ణా జిల్లా మనిషి ఒకాయన రైతుబిడ్డ తీసేశారు.

ఆయనే గూడవల్లి రామబ్రహ్మం. 1902లో నందమూరులో పుట్టారు. సినిమాల్లోకి రాకముందు జర్నలిస్టు. ప్రజామిత్ర పత్రిక నడిపారు. తెలుగు తెర మీద అప్పట్లో పురాణాలదే రాజ్యం. ఆయన మాత్రం 1938లో మాలపిల్ల తీశారు. కథ చలం, మాటలు తాపీ ధర్మారావు, హీరోయిన్ కాంచనమాల. దళిత అమ్మాయి, బ్రాహ్మణ అబ్బాయి ప్రేమ, గుడి ప్రవేశం.. ఈ సబ్జెక్టు ఇప్పుడు తీయాలన్నా కాస్త ఆలోచిస్తారు!

మరుసటి ఏడాదే రైతుబిడ్డ. అప్పులో కూరుకుపోయిన రైతు, ఎన్నికల్లో జమీందారు మనిషిని కాదని రైతుల అభ్యర్థి వైపు నిలబడతాడు. దెబ్బలు తింటాడు. బళ్లారి రాఘవ, టంగుటూరి సూర్యకుమారి నటించారు. కొసరాజు సినిమా పాటల ప్రయాణం మొదలైంది కూడా ఇక్కడే.

అసలు ట్విస్ట్ ఏంటంటే, ఈ సినిమా తీసిన సారథి ఫిల్మ్స్‌కు చైర్మన్ స్వయంగా చల్లపల్లి రాజా. ఒక జమీందారు అండతోనే జమీందారీ మీద సినిమా అన్నమాట! మిగతా జమీందార్లు మాత్రం ఊరుకోలేదు. బ్రిటిష్ పాలనలో కొన్ని చోట్ల సినిమాను నిషేధించారు.

ఈ గొడవ మన పైతాలూకాలకు కొత్తేం కాదు. జగ్గయ్యపేట ఊరే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి పేరు మీద వెలిసింది. పక్కనే ముక్త్యాల కోట. శిస్తు, అప్పు, జమీందారు మనుషులు.. తెరపై చూపించినవన్నీ ఇక్కడి రైతులకు ఇంట్లో సంగతులే. జమీందారీ రద్దు చట్టం వచ్చింది 1948లో. అంటే రైతుబిడ్డ వచ్చిన తొమ్మిదేళ్లకు.

ఆ రోజు చూడటానికి రామబ్రహ్మం లేరు. ఇల్లాలు, పత్ని, పంతులమ్మ, మాయాలోకం తీశాక పల్నాటి యుద్ధం మొదలుపెట్టారు. ముక్త్యాల దగ్గర కృష్ణ దాటితే వచ్చే పల్నాడు కథే అది. నాగమ్మ పాత్రలో కన్నాంబ, బ్రహ్మనాయుడిగా గోవిందరాజుల సుబ్బారావు. సినిమా పూర్తికాకుండానే 1946లో ఆయన కన్నుమూశారు. వయసు 44 ఏళ్లే. మిగతా భాగం ఎల్‌వీ ప్రసాద్ పూర్తి చేస్తే, 1947లో థియేటర్లకు వచ్చింది.