కూలి మానుకుని బడికొచ్చినవాళ్లకు

బాపట్ల మున్సిపల్ హైస్కూల్లో 2024 డిసెంబరు 7న తల్లిదండ్రులూ పంతుళ్లూ ఒక్కచోట కూర్చున్నారు. ముఖ్యమంత్రి, విద్యాశాఖ మంత్రి వచ్చింది ఆ బడికే. రాష్ట్రంలో 44 వేలకు పైగా సర్కారు బళ్లలో ఆ రోజు అదే సందడి. అమ్మలకు ముగ్గుల పోటీలు, నాన్నలకు తాడు లాగుడు, మధ్యాహ్నం పిల్లల పంక్తిలోనే భోజనం. ఆ సందడికే మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ అని పేరు.

ఆ పండగను తలచుకుని మొదటి దండ ఎవరి మెడలో వేయాలని నన్నడిగితే, ఆ రోజు కూలి మానుకుని వచ్చిన అమ్మానాన్నల మెడలో అంటాను. గుంటూరు, పల్నాడు, ప్రకాశం నల్లరేగళ్లలో డిసెంబరంటే పత్తి తీతల కాలం. ఒక్క పూట చేలోకి వెళ్లకపోతే ఆ పూట కూలి పోయినట్టే, పైగా మేస్త్రీతో మాట పడాలి. అయినా వచ్చారు. పిల్లలు కూర్చునే బల్లల మీద సర్దుకుని కూర్చుని, ప్రోగ్రెస్ కార్డు రెండు చేతులా అందుకున్నారు.

బడిని అడిగే హక్కు అమ్మానాన్నలకు నిన్న మొన్న వచ్చింది కాదు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలంది, సగం మంది ఆడవాళ్లుండాలంది. 2019 నవంబరు 14న ఒంగోలు పీవీఆర్ స్కూల్లో మొదలైన ‘మన బడి నాడు-నేడు’ పథకం బళ్ల మరమ్మతుల డబ్బును, పనులను ఆ కమిటీల చేతికే అప్పగించింది. ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి. ఇటుక, సిమెంటు లెక్క చూసిన తల్లి మాత్రం ఆ ఊళ్లోనే ఉంది. 

గోడలకు రంగు పడింది, సంతోషం. మరి అయిదో తరగతి పిల్లాడు రెండో తరగతి వాచకం తడబడకుండా చదువుతున్నాడా? వెనకబడ్డ బడికి అసలు జబ్బు అక్కడుంది. ‘మాకు అక్షరమ్ముక్క రాదు, మేమేం చూస్తాం’ అనుకునే అమ్మలకు ఒక మాట చెప్పాలి. మిరప కల్లంలో ఎర్రటి రాశి ముందు కూర్చుని తాలుకాయను చిటికెలో ఏరేస్తారే, ఆ కన్ను చాలు. నోటుపుస్తకం తిరగేయండి. తెల్లగా మిగిలిన కాగితాలెన్ని? ఎర్రసిరా పడని పేజీలెన్ని? అక్కడ వేలు పెట్టి అడగండి. అలా అడిగే తల్లి ఉందని తెలిసిన బడిలో, మర్నాటి పాఠానికి పంతులూ సిద్ధపడి వస్తాడు, పిల్లాడూ సిద్ధపడి వస్తాడు.

ఏడాదికోసారో రెండుసార్లో కలిస్తే సరిపోదని కూడా చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో ప్రథమ్ సంస్థతో కలిసి ఆర్థికవేత్తలు ఈ సంగతే పరిశీలించారు. కమిటీకి దాని అధికారాలేమిటో చెప్పి వదిలేసిన ఊళ్లలో పెద్ద మార్పేమీ రాలేదు. ఊరి కుర్రకారు రోజూ పిల్లలను పోగేసి చదివించిన చోట, అలా వచ్చి కూర్చున్న పిల్లలకు చదవడం వచ్చింది. మన ఊళ్లలో డిగ్రీ చదివిన ఆడపిల్ల లేని వీధి ఉందా? సాయంత్రం ఆమె అరుగు మీద పదిమంది పిల్లలు గట్టిగా చదివితే చాలు. అది చూసుకోవడం కమిటీకి భారమేమీ కాదు.

ఇంకొందరున్నారు. కర్నూలు పడమటి పల్లెల నుంచి ఏటా పత్తికీ మిరపకూ పిల్లాపాపలతో మన చేలకు వలస వచ్చేవాళ్లు. వాళ్లు ఏ కమిటీ జాబితాలోనూ ఉండరు. చేను గట్టున చీర ఉయ్యాల ఊపుతూ కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్లను చెయ్యి పట్టుకుని తమ బడికి తీసుకెళ్లి కూర్చోబెట్టిన మన ఊరి తల్లులకు రెండో దండ.

సంక్రాంతి వెళ్లగానే కాయ కోతలు ముమ్మరమవుతాయి. వాటి వెంటే పదో తరగతి పరీక్షలు వస్తాయి. ఆ రోజుల్లో కూతుర్ని తమ్ముడికి కాపలా పెట్టకుండా, జడ వేసి, క్యారేజీ చేతికిచ్చి బడికి పంపి, తాను మాత్రం తట్ట పట్టుకుని చేలోకి నడిచే ప్రతి అమ్మకూ ఇప్పుడే, ఇక్కడి నుంచే నా నమస్కారం.